వేలిముద్ర తాతదే, తెలివి ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది, కోపంగా కూడా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

మా బంధువుల్లో ఒక తాత ఉన్నాడు. పొద్దున్న అంబలి తాగిన గంటకే "నాకేటీ పెట్టలేదు" అంటాడు. సొంత కొడుకునే "నువ్వెవులి బాబూ" అని అడుగుతాడు. అలాంటి మనిషిని మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లి, జీడితోట అగ్రిమెంటు మీద వేలిముద్ర వేయించారు. బండి నడిపింది బయటి బ్రోకరే. వెనక పడిపోకుండా పట్టుకుని కూర్చున్నది మాత్రం సొంత మనవడు. డిగ్రీ చదివినోడు, మనలాంటోడు.

"తాతే ఇష్టపడి వేశాడు" అంటున్నాడు. అంబలి తాగిందీ లేనిదీ గుర్తులేని మనిషికి ఎకరం ధర మీద ఇష్టం ఎక్కడ్నుంచి వచ్చింది తమ్ముడూ?

నాతవరం, గొలుగొండ, రావికమతం, చీడికాడ, దేవరాపల్లి వైపు మన కొండ పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. పాడేరోళ్లకున్న 1/70 మనకి అడ్డు నిలబడదు. పైగా అసైన్డ్ భూమిని 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023లో చట్టం మార్చారు. అప్పట్లో పట్టా పుచ్చుకున్నోళ్లు ఇప్పుడెవరు? మన ముసలోళ్లే. మతి తప్పుతున్న ముసలోళ్లే. అటవీ హక్కుల పట్టా అయితే 2006 చట్టం ప్రకారం వారసులకి రావాలే తప్ప అమ్మడానికి వీల్లేదు. అయినా తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకునేవాడికి ఏ చట్టం అడ్డు?

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 16వ సెక్షన్ చదవండి. వయసు వల్లో జబ్బు వల్లో మనసు దెబ్బతిన్న మనిషిని లొంగదీసుకుని రాయించుకున్న కాగితం కోర్టులో రద్దు చేయించొచ్చు. కానీ అవతలోడు ఊరుకోడు, "ఆ రోజు తాత బాగానే ఉన్నాడు" అంటాడు. 12వ సెక్షన్ ప్రకారం మతి కుదురుగా ఉన్న పూట చేసిన ఒప్పందం చెల్లుతుంది కూడా. అందుకే గొడవ వచ్చాక డాక్టరు దగ్గరికి పరిగెడితే లాభం లేదు. మరుపు మొదలైనప్పుడే చూపించి, తేదీ వేసిన ఓపీ చీటీ దాచుకోవాలి. "వయసు మీద పడితే అంతేలే" అని మనమే వదిలేస్తున్నాం, అదే వాళ్లకి కలిసొస్తోంది. లాయరుకి డబ్బుల్లేవన్న మాట కూడా వద్దు. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇవ్వాలి, 1987 చట్టంలోనే ఉంది.

ఆ మనవడు ఈ గ్రూపులోనే ఉన్నాడు, ఇది చదువుతాడు. తాత నిన్న సాయంత్రం కూడా కర్ర పట్టుకుని లేచాడు తమ్ముడూ. "తోటకి పోవాల, పిక్కలు రాలిపోతన్నాయి" అంటున్నాడు.