సేద్యానికి కొలత కావాలి

వ్యవసాయం గిట్టుబాటు కావడం లేదన్న ఆవేదన దేశంలో ఏ మూలకు వెళ్లినా వినవచ్చేదే. అయితే గిట్టుబాటు ధరపై జరిగినంత చర్చ సాగు వ్యయంపై జరగకపోవడం విచారకరం. ధర నిర్ణయం రైతు చేతిలో లేదు. అది మార్కెట్ యార్డులలోనో, ఢిల్లీలోని మంత్రివర్గ సమావేశాలలోనో, ఒక్కొక్కప్పుడు విదేశీ రేవులలోనో నిర్ణయమవుతుంది. ఖర్చు విషయంలో మాత్రం రైతుకు కొంత వెసులుబాటు ఉంది. ఏ మడికి ఎంత నీరు, ఎంత ఎరువు, ఎంత మందు, అదీ ఎప్పుడు అన్న ప్రశ్నలకు సరైన సమాధానం దొరికితే వృథా తగ్గుతుంది, ఆ మేరకు అప్పూ తగ్గుతుంది. ప్రెసిషన్ ఫార్మింగ్ అని శాస్త్రజ్ఞులు, ఖచ్చిత సేద్యమని మన వ్యవసాయాధికారులు వ్యవహరిస్తున్న విధానం సారాంశమిదే.

ఈ విధానం అవసరాన్ని గ్రహించడానికి పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతాన్ని చూస్తే చాలు. సముద్రతీరాన ఉన్న వైట్ టౌన్‌లోని శాసనసభ, సచివాలయ భవనాలలో తీసుకునే నిర్ణయాలు రెండు భిన్నమైన వరి ప్రాంతాలకు వర్తిస్తాయి. ఒకటి బాహూర్ చెరువు పరిసరాలలోని తమిళ రైతులది. అక్కడ గొట్టపు బావుల వాడకం పెరిగి భూగర్భజలాలు అడుగంటడం, తీర గ్రామాల బావులలోకి ఉప్పునీరు చొరబడటం ఏళ్ల తరబడి సాగుతున్న సమస్య. రెండవది అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు రైతులది. ఒకచోట బోరు నీరు కరవు, మరొకచోట కాలువ నీటి సేద్యం. ఈ రెండింటికీ ఒకే సిఫార్సు, ఒకే మోతాదు సరిపోతాయనుకోవడం పొరపాటు. పొలాన్ని బట్టి సేద్యం అన్న సూత్రం ఇక్కడే అర్థవంతమవుతుంది.

ఖచ్చిత సేద్యం 1990 దశకంలో అమెరికా వంటి దేశాలలోని విశాలమైన కమతాలలో వేళ్లూనుకుంది. ఉపగ్రహాల ద్వారా స్థానాన్ని గుర్తించే జీపీఎస్ వ్యవస్థ, కోత యంత్రంలోనే దిగుబడిని కొలిచే పరికరం, నేల సారాన్ని బట్టి ఎరువు మోతాదును మార్చే యంత్రం దానికి మూలస్తంభాలు. వందల హెక్టార్ల రైతుకు ఈ యంత్రాల ఖరీదు భారం కాదు. మన పరిస్థితి వేరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఒక హెక్టారుకు లోపే, తెలంగాణలో ఇంచుమించు ఒక హెక్టారు. దేశంలోని కమతాలలో నూటికి 86 చిన్న, సన్నకారు రైతులవే. రెండెకరాల రైతు లక్షల రూపాయల పరికరం కొని ఖర్చు తగ్గించుకుంటాడనడం వాస్తవ దూరం. కనుక ఈ విధానం మనకు పనికిరాదని కొందరు పెదవి విరుస్తున్నారు. ఈ తీర్పు తొందరపాటుతో కూడినదని మన పొరుగునే జరిగిన ఒక ప్రయోగం రుజువు చేసింది.

తమిళనాడు ప్రభుత్వం 2004-05లో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో ఖచ్చిత సేద్య పథకాన్ని ప్రారంభించింది. తెలుగువారు గణనీయంగా ఉన్న ఆ ప్రాంతం మెట్ట భూములకు, అరకొర వర్షాలకు పెట్టింది పేరు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం మూడేళ్ల కాలంలో 400 హెక్టార్లలో ఈ పథకాన్ని అమలు చేసింది. మొదటి ఏడు చేరిన రైతులకు నూరు శాతం, రెండవ ఏడు 90 శాతం, మూడవ ఏడు 80 శాతం సబ్సిడీ లభించింది. ఉలి నాగలితో గట్టి పొరను చీల్చడం, నీడ వలల కింద ట్రేలలో నారు పెంచడం, బిందుసేద్యం గొట్టాల ద్వారానే నీటిలో కరిగే ఎరువులను మొక్క వేరుకు అందించడం అందులో ప్రధానాంశాలు. అక్కడ ఉపగ్రహాలు గాని, భారీ యంత్రాలు గాని కీలకపాత్ర వహించలేదు. శాస్త్రజ్ఞులు పొలంలో రైతు పక్కన నిలబడటం, రైతులు సంఘాలుగా ఏర్పడి సరకును కలిసి అమ్ముకోవడం ఆ ప్రయోగానికి బలాన్నిచ్చాయి. సబ్సిడీ ఏడాదికేడాదికి తగ్గుతున్నా రైతులు చేరడం గమనార్హం.

బిందుసేద్యం కూరగాయలకు, తోటలకు సరే, వరి మాటేమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. డెల్టా రైతుకు అత్యంత చేరువలో ఉన్న సాధనం అతి స్వల్ప వెలకు లభించే ప్లాస్టిక్ పట్టిక. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ ఆకురంగు పట్టికపై లేత పసుపు పచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ వరకు చారలుంటాయి. వారం పది రోజులకొకసారి పది దుబ్బులలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును పట్టికతో పోల్చి చూడాలి. పదింటిలో ఆరు ఆకులు నిర్ణీత రంగు కంటే లేతగా ఉంటేనే యూరియా వేయాలి. లేకుంటే ఆగవచ్చు. ఇంతకు మించిన విద్య ఇందులో లేదు.

ఈ చిన్న జాగ్రత్త వల్ల ఆదా అయ్యేది యూరియా బస్తా ఒక్కటే అనుకుంటే పొరపాటు. నత్రజని ఎక్కువైన చేను నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. దుబ్బులలో గాలి ఆడదు, కాండం మెత్తబడుతుంది, సుడిదోమకు అది అనువైన తావు అవుతుంది. దోమపోటు భయంతో ఒకటికి రెండు మందులు కలిపి కొట్టడం మొదలవుతుంది. చివరకు గాలివానకు చేను పడిపోతే కోత ఖర్చు కూడా పెరుగుతుంది. ఒక బస్తా అదనపు యూరియాతో మొదలైన ఖర్చు ఈ విధంగా కోత వరకు వెంటాడుతుంది. కనుకనే ఎరువు విషయంలో కొలత పాటించిన రైతుకు మందుల దుకాణంలో బాకీ తగ్గుతుంది.

నీటి విషయమూ అంతే. మడిలో నిత్యం నీరు నిలవాలన్న నమ్మకం మనలో బలంగా నాటుకుంది. చిల్లులు పెట్టిన ఒక జానెడున్నర గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగిన తరువాతనే తిరిగి తడి పెట్టడం తడి-పొడి పద్ధతి. పూత దశలో మాత్రం నీరు నిలపాలి. ఈ పద్ధతిలో దిగుబడి తగ్గకుండానే 30 శాతం వరకు నీరు ఆదా చేయవచ్చునని వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. ఉప్పునీటి ముప్పున్న పుదుచ్చేరి తీర గ్రామాలకు ఇది డబ్బు ఆదా చేసే మార్గమే గాక, బావులను కాపాడుకునే మార్గం కూడా.

వర్షాధార భూములలో ఖర్చును నిర్ణయించేది విత్తే రోజు. తొలకరికి తొందరపడి విత్తనం వేసి, ఆపై వాన మొహం చాటేస్తే విత్తనం ఖర్చు రెండింతలవుతుంది. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి వేరుశనగ రైతులకు విత్తే తేదీపై సలహా పంపాయి. 175 మంది రైతులకు తెలుగులో ఆ సందేశాలు అందాయి. జూన్ మొదటి వారంలో విత్తే అలవాటున్న రైతులను నెలాఖరు వరకు ఆగమని ఆ సందేశం సూచించింది. సలహా పాటించిన వారికి సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. దశాబ్దాల వర్షపాతం లెక్కలను కంప్యూటర్లు విశ్లేషించాయి. రైతు వద్ద ఉండవలసిందల్లా సందేశం చూపగల మామూలు ఫోను మాత్రమే. పొలంలో ఒక్క పరికరాన్నీ అమర్చవలసిన అవసరం కలగలేదు.

తెలంగాణలోని ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో సాగిన ‘సాగు బాగు’ పథకం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ప్రపంచ ఆర్థిక వేదిక భాగస్వామ్యంతో నడిచిన ఈ పథకంలో రైతులకు ఫోను ద్వారా సలహాలు, నేల పరీక్షలు, పంట నాణ్యత పరీక్షలు అందాయి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగి, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గినట్లు, మెరుగైన నాణ్యత వల్ల ధర 8 శాతం పెరిగినట్లు నిర్వాహకులు వెల్లడించారు. మిర్చి ధర ఏటికేడు ఎంతగా ఊగిసలాడుతుందో తెలిసినవారు ఆదాయం లెక్కలను ఆచితూచి చూడాలి. అయినా మందుల ఖర్చుకు పేరుమోసిన మిర్చిలో వాడకం తగ్గడమే ఒక మేలు. ధర పడిపోయిన ఏడు రైతును కాపాడేది ఆ తగ్గిన ఖర్చే.

ఈ దృష్టాంతాలన్నీ ఒకే సత్యాన్ని చాటుతున్నాయి. చిన్న రైతుకు ఖర్చు తగ్గించేది సొంత యంత్రం కంటే సకాలంలో అందే సమాచారం. ప్రభుత్వాల దృష్టి మాత్రం యంత్రాల మీదనే కేంద్రీకృతమవుతోంది. మహిళా స్వయం సహాయక సంఘాలకు 15,000 డ్రోన్లు అందించేందుకు 1,261 కోట్ల రూపాయలతో కేంద్రం 2023లో నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. డ్రోను ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం లభిస్తుంది. డ్రోను వల్ల కూలీల కొరత తీరుతుంది, మనిషి విషాన్ని పీల్చే ప్రమాదం తగ్గుతుంది, నీరూ తక్కువ పడుతుంది. ఇవన్నీ ఆహ్వానించదగినవే. కాని పురుగు ఉనికిని పరిశీలించకుండా చేనంతా పిచికారీ చేస్తే అది వేగవంతమైన వృథా అవుతుందే తప్ప ఖచ్చిత సేద్యం కాదు. ఎక్కడ కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో చెప్పే వ్యవస్థ లేనిదే డ్రోను సగం సాధనమే.

భూసార పరీక్షల తీరు ఇందుకు మరో నిదర్శనం. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డుల పథకంలో నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒక మట్టి నమూనా తీయాలన్నది నిబంధన. సగటు కమతం ఒక హెక్టారు ఉన్నచోట ఒకే నమూనా ఫలితం పలువురి కార్డులపై ముద్రితమవుతుంది. పక్క చేను మట్టి ఫలితం చూసి తన చేనుకు ఎరువు వేయమంటే రైతుకు విశ్వాసం ఎలా కుదురుతుంది? కార్డుల సంఖ్యను చూసి సంతృప్తి చెందడం కంటే ప్రతి చేనుకూ దానిదైన ఫలితం అందేలా చూడటం మేలు.

యూరియా వాడకం తగ్గితే లాభపడేదెవరన్నది మరో కీలకమైన ప్రశ్న. సబ్సిడీ పుణ్యమా అని 45 కిలోల యూరియా బస్తా రైతుకు సుమారు 266 రూపాయలకు లభిస్తోంది. అసలు వ్యయంలో అత్యధిక భాగం ఖజానా భరిస్తోంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరిన సంగతి తెలిసిందే. అంటే రైతు ఒక బస్తా తగ్గిస్తే అతనికి మిగిలే దానికంటే ప్రభుత్వానికి మిగిలేది అనేక రెట్లు అధికం. అటువంటప్పుడు ఆకురంగు పట్టిక, మట్టి పరీక్ష, పొలానికి వచ్చి సలహా చెప్పే సిబ్బంది ఖర్చును ప్రభుత్వమే భరించడం దయాదాక్షిణ్యం కాబోదు. తన లాభంలో ఒక భాగాన్ని రైతుకు తిరిగి ఇవ్వడమే అవుతుంది.

కౌలు రైతుల పరిస్థితి మరింత దయనీయం. పెట్టుబడి పెట్టేది కౌలుదారు, కాగితాలపై పేరు భూయజమానిది. బిందుసేద్యం సబ్సిడీ మొదలు భూసార కార్డు వరకు పట్టాదారు పేరుతోనే ముడిపడి ఉన్నాయి. వచ్చే ఏడు అదే చేను దక్కుతుందో లేదో తెలియని కౌలుదారు నేల సారాన్ని కాపాడటానికి ఎందుకు పూనుకుంటాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకటి, 2019లో మరొకటి చట్టాలు వచ్చినా, యజమాని సమ్మతి లేనిదే కార్డు దక్కని స్థితి వల్ల వాటి ఫలం పరిమితమైంది. ఖర్చు భారం ఎవరిపై ఉందో వారికి సలహా చేరనంతవరకు ఖచ్చిత సేద్యం గురి తప్పిన బాణమే.

సమాచారాన్ని గ్రామస్థుల ఉమ్మడి ఆస్తిగా మలచవచ్చునని దేశానికి చూపినది పుదుచ్చేరియే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1998లో విల్లియనూరు కేంద్రంగా గ్రామీణ సమాచార కేంద్రాలను నెలకొల్పింది. స్థానికులే వాటిని నడిపారు. సమాచారమంతా తమిళంలో లభించేది. వీరాంపట్టిణంలో అలల ఎత్తును లౌడ్‌స్పీకర్లలో ప్రకటిస్తే, దానిని విని మత్స్యకారులు వేటకు వెళ్లాలో వద్దో తేల్చుకునేవారు. ఖరీదైన విజ్ఞానం ఎక్కడో పుట్టినా, అది గ్రామంలో గ్రామం భాషలో ఉచితంగా వినిపించినప్పుడే ఫలిస్తుందన్న పాఠాన్ని ఆ ప్రయోగం నేర్పింది. సేద్యపు సలహాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఆ పాఠాన్ని వైట్ టౌన్ పాలకులు యానాం రైతులకూ వర్తింపజేయాలి. అదే డెల్టాలో, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వరి పరిశోధనా స్థానం ఉంది. దశాబ్దాలుగా ఆ నేలనూ, ఆ తెగుళ్లనూ ఎరిగిన శాస్త్రజ్ఞుల సలహా యానాం రైతుకు తెలుగులో నేరుగా అందేలా ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం కుదుర్చుకోవడం కష్టసాధ్యమేమీ కాదు. రాష్ట్రాల సరిహద్దులు మనుషులకే గాని సుడిదోమకు లేవు.

తెలుగు రాష్ట్రాలలో వసతులకు కొదవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి పదివేలకు పైగా ఉన్నాయి. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకొకటి చొప్పున 2,601 రైతు వేదికలు నిర్మితమయ్యాయి. భవనాల పేర్లు మార్చడంపై గల శ్రద్ధ వాటిలో జరగవలసిన పనిపై చూపాలి. ప్రతి కేంద్రంలో మట్టి పరీక్ష పరికరాలు, ఆకురంగు పట్టికలు, అద్దెకు డ్రోను, కౌలుదారుకూ సమానంగా అందే సలహా ఉండాలి. సబ్సిడీని పరికరానికి ఇచ్చి చేతులు దులుపుకోకుండా సేవకు ఇవ్వాలి. రైతుల పొలాల నుంచి సేకరించిన వివరాలు వారి అనుమతి లేకుండా ఎరువుల, మందుల కంపెనీల చేతికి చిక్కకుండా కట్టుదిట్టం చేయాలి. మందు అమ్మేవాడే మోతాదు చెప్పే దుస్థితి తొలగించడానికే కదా ఈ ప్రయాసంతా.

సాంకేతిక పరిజ్ఞానం ధరల పతనాన్ని గాని, తుపానును గాని ఆపలేదు. అనవసరమైన బస్తాను, అక్కరలేని పిచికారీని, తొందరపడి చల్లిన విత్తనాన్ని మాత్రం ఆపగలదు. సేద్యంలో మిగులు సన్నగిల్లిన ఈ రోజులలో ఆ మేరకు మిగిలినా రైతు కుటుంబానికి అది చిన్న ఊరట కాదు. ఆ కొలత రైతు చేతికి అందించడం ప్రభుత్వాల బాధ్యత. యంత్రాల ప్రదర్శనలకు చేసే ఖర్చులో కొంతైనా పొలం గట్టుపై సలహాకు మళ్లించడం వాటి తక్షణ కర్తవ్యం.