మన మాట డాక్టరు చదువులోకి ఎక్కాలి

ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 150 సీట్లతో. మన చింతలపూడి పిల్లలకి జిల్లాలోనే డాక్టరు చదువుకునే దారి పడింది. సంతోషం. మరి ఆ చదువు ఎలా సాగుతోంది?

నీట్ పీజీలో 200 ప్రశ్నలు. అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునేవే. అందుకే మెడికోల ఫోన్ల నిండా మారో, ప్రెప్‌ల్యాడర్, ఆంకీ. ఆంకీలో ముందు ప్రశ్న, వెనక జవాబు. వచ్చిన కార్డు ఆలస్యంగా, మర్చిపోయింది తొందరగా మళ్లీ ఎదురొచ్చుద్ది. బుర్రకి అది మంచి పద్ధతే.

నా పేచీ కార్డు మీద భాషతో. ఓపీకి వచ్చిన పెద్దాయన నాలుగు ఆప్షన్లు ఇవ్వడు. 'గుండెల్లో మంట' అంటాడు. అది గ్యాసూ కావొచ్చు, గుండెపోటూ కావొచ్చు. 'కళ్లు తిరుగుతున్నాయి' అంటే ఒకరికి రక్తహీనత, ఇంకొకరికి షుగరు పడిపోవడం. మామిడితోటలో మందు కొట్టొచ్చిన కూలీకైతే పురుగుమందు విషం! 'పొద్దున ఏం పని చేశావ్?' అని అడగడం ఆలస్యమైతే ప్రాణం పోద్ది.

ఆంకీ ఆండ్రాయిడ్‌లో ఉచితం. కార్డులు ఎవరైనా రాసుకోవచ్చు. మెడికోలు వార్డులో విన్న మాటల్ని, రోగి పేరూ ఊరూ లేకుండా, కార్డులకెక్కించాలి. వెనక వైపు అడగాల్సిన ప్రశ్నలుండాలి. ప్రొఫెసర్లు సరిచూడాలి. అమ్మమ్మల దగ్గర, ఆశా అక్కల దగ్గర మాటలు పోగేసి ఇవ్వడం మన కుర్రాళ్ల పని.

కాలేజీ కట్టారు. అందులో మన బాధ మన మాటల్లోనే వినిపించాలని నేనడుగుతున్నా. మీరూ అడగండి.