సీసా ఒకటే, వెలలు మూడు

కోలారు జిల్లా తెలుగు కుటుంబాలకు రాష్ట్ర సరిహద్దు పటంలోని గీత మాత్రమే. సంబంధాలు కుప్పంలో, పలమనేరులో, వైద్యానికి వేలూరు. ఈ రాకపోకలలో మగవారు చాలామంది గమనించినదే: అదే పేరుగల బీరుసీసాకు కర్ణాటకంలో ఒక వెల, ఆంధ్రలో ఒకటి, తమిళనాడులో మరొకటి. కుటుంబ పత్రికలో ఈ ప్రసంగమేమిటని పెద్దలు కోప్పడవచ్చు. ఇంటి ఖర్చులో దానికీ ఒక వంతు పోతున్నప్పుడు, ఆ లెక్క ఇల్లాలికి కూడా తెలియడం మంచిదే గదా!

మన రాజ్యాంగం మద్యం వ్యవహారాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. 47వ అధికరణం మద్యనిషేధానికి కృషి చేయమంటున్నది. ఖజానాకేమో అబ్కారీ సుంకం పెద్ద రాబడి. ఈ రెంటి మధ్య ఊగిసలాట పొరుగుననే చూశాము. ఆంధ్రప్రదేశ్ 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం పెట్టి 1997లో సడలించింది. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే చేతికి తీసుకున్నది. 2020 మే నెలలో రెండు రోజులలో మొత్తం 75 శాతం వెల పెంచింది. 2024 అక్టోబరులో అమ్మకం మళ్ళీ ప్రైవేటువారికి అప్పగించింది. తమిళనాడులో 2003 నుండి చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌ది. కర్ణాటకంలో దుకాణాలు చాలావరకు ప్రైవేటువారివి గాని, 2003 నుండి టోకు సరఫరా ప్రభుత్వ సంస్థదే. వెలల తేడాకు కారణం సీసాలోని సరుకు కాదు, ఈ చట్టాలూ సుంకాలూ.

ఇక రుచి సంగతి. మన గనులలో బీరు మొదట దొరల పానీయం. 1880 నుండి జాన్ టెయిలర్ కంపెనీతో వచ్చిన ఇంజనీర్లు క్లబ్బులో త్రాగేవారు. కూలి లైన్లలో సారా, కల్లు నడిచేవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. వేలమంది రైలెక్కి బెంగుళూరు పనులకు పోవలసి వచ్చింది. 2007 జూలై 1న కర్ణాటకం సారాను నిషేధించింది. సారా ప్యాకెట్టు పోయింది గాని అలవాటు పోలేదు. దాని స్థానంలో చవకరకం విస్కీ, బ్రాందీ చిన్న డబ్బాలలో వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. 650 మి.లీ. బీరుసీసాలో 5 శాతం చొప్పున ఆల్కహాలు 32.5 మి.లీ. 8 శాతం గల స్ట్రాంగ్ బీరులో 52. అరచేతిలో ఇమిడే 90 మి.లీ. డబ్బా 42.8 శాతపు విస్కీలో 38.5. అనగా ఆ చిన్న డబ్బాలో పెద్ద సీసా లేత బీరులో కన్న ఎక్కువ మత్తున్నది. వెల చూస్తే సీసా కన్న తక్కువ. కర్ణాటకంలో బీరుపై అదనపు సుంకం 2023లో 175 నుండి 185 శాతానికి, 2024లో 195కు పెరిగింది. రోజుకూలి తెచ్చుకునేవాడు రూపాయికి ఎంత మత్తు వస్తుందని చూసుకుంటే ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా? త్రాగుడు తగ్గాలని వేసిన సుంకమే అతణ్ణి ఘాటైనదాని వైపు నెడుతున్నది. అందుకే దేశంలో బీరు త్రాగేవారిలోను అత్యధికులు స్ట్రాంగ్ రకాన్నే కోరుతున్నారు.

అలాగని బీరు చవక చేయమనడం న్యాయం కాదు. కుర్రకారు తొలిగా రుచి చూసేది దానినే. న్యాయమైన పద్ధతి ఒకటున్నది: ఆల్కహాలు ఎంత ఉంటే అంత సుంకం. బ్రిటన్ 2023 ఆగస్టు 1 నుండి అన్ని మద్యాలకు ఈ సూత్రాన్నే వర్తింపజేసింది. మనకు క్లబ్బు బీరు నేర్పిన దేశం నుండి ఈ మాట కూడా నేర్చుకోవచ్చు.

ఈలోగా తెలుసుకోదగిన చట్టం ఒకటి. సి.ఎల్.-2 లైసెన్సు దుకాణం సీసామీద అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి తీసుకోరాదు. అక్కడ కూర్చొని త్రాగనివ్వరాదు. సి.ఎల్.-9 బారులో కూర్చోవచ్చు, వెల మాత్రం అధికం. మానలేనివారు కనీసం అచ్చుధరకు మించి పైసా ఇవ్వకుండా ఇంటికి రావాలి. మానగలిగినవారు ఆ సొమ్మును నెలకొకసారి ఇల్లాలి చేతికిచ్చి లెక్క వ్రాయించి చూడండి. ఏడాదికి ఎంత మిగిలిందో ఆమే చెబుతుంది.