పిల్లల చేతి కాసు

మన బడులకు సంవత్సరం ఆఖరంటే ఏప్రిల్ నెల. పరీక్షలూ, ఎండలూ, మామిడికాయలూ కలిసే వస్తాయి. పిల్లవాడు "పాసయ్యానోయ్" అని కేక వేసుకుంటూ వీధిగుమ్మం దాటి లోపలికి రావడంతో ఆ యేడు పూర్తి అయినట్లే. తల్లిదండ్రులతో బడి చెప్పదలచుకున్నది ఏమైనా వుంటే అది ప్రోగ్రెసు కార్డులోని అంకెలలోనూ, వచ్చే యేటి ఫీజు చీటీలోనూ ఇమిడిపోతుంది.

ఇంగ్లండులో ఈ ముగింపు జూలైలో వస్తుంది. అప్పుడు అక్కడి ప్రాథమిక పాఠశాలల నుంచి ఇళ్లకు ఒక ఉత్తరం వెళుతుంది. యేడాది పొడవునా పంపిన ఉత్తరాలలో అది చివరిది. చదవడానికి సరదాగా వుంటుంది. ఆటల పోటీలనాడు వాన దేవుడు కనికరించాడో లేదో, సెలవు పుచ్చుకుంటున్న పంతులమ్మ ఎన్నేళ్లు పనిచేసిందో, పదకొండేళ్లు వచ్చి పెద్ద బడికి వెళ్లిపోతున్న పిల్లలకు వీడ్కోలు ఎట్లా జరిగిందో, పిల్లలు పారేసుకున్న స్వెట్టర్లు ఇంకా ఎన్ని దిక్కులేకుండా పడివున్నాయో అన్నీ అందులో వుంటాయి. కాథలిక్ బడి అయితే వీటి పక్కన ఇంకొక పద్దు కూడా వుంటుంది. ఆ యేడు పిల్లలు ఎవరెవరి కోసం ఎంతెంత పోగుచేశారన్న పద్దు అది.

చూడడానికి చిన్న విషయమే. కాని పిల్లలకు దానం నేర్పడమంటే పదునుగల కత్తి చేతికివ్వడం వంటిది. పట్టుకోవడం తెలిస్తే కూర తరుగుతుంది. లేకుంటే చెయ్యి తెగుతుంది. తెగేది మన పిల్లవాడి చెయ్యే కానక్కరలేదు, పక్కవాడిది కూడా కావచ్చు.

ఇంగ్లండు, వేల్సులలో కాథలిక్ పాఠశాలలు రెండువేలకు పైబడి వున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రాథమిక పాఠశాలలే. చాలావాటిలో ఖర్చు ప్రభుత్వానిది, నడిపే బాధ్యత చర్చిది. పిల్లలకు ఫీజు లేదు. అందువల్ల ఆసుపత్రిలో డాక్టరుగారి అమ్మాయీ, అదే ఆసుపత్రిలో నేల తుడిచే ఆమె కొడుకూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. కేరళ నుంచి వెళ్లిన నర్సుల పిల్లలు చాలామంది, మన తెలుగువారి పిల్లలు కొందరు ఇట్టి బడులలోనే చదువుకుంటున్నారు.

ఆ బడులలో దానాలకు కూడా ఒక పంచాంగం వుంది. శరదృతువులో పంటల పండుగ. మనం సంక్రాంతికి కొత్తబియ్యం పంచినట్లు వాళ్లు చిక్కుడుగింజల డబ్బాలు, పులుసు డబ్బాలు తెచ్చి బల్లమీద పేరుస్తారు. అవి ఊళ్లోని పేదల ఆహార భాండారానికి వెళతాయి. డిసెంబరులో, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలంలో, వారానికొక కొవ్వొత్తి చొప్పున నాలుగు వెలిగిస్తారు; వృద్ధాశ్రమాలకు వెళ్లి పాటలు పాడతారు. ఒకరోజు యూనిఫారం మాని, మంచుబొమ్మో దుప్పిబొమ్మో అల్లిన స్వెట్టరు తొడుక్కుని, ఒకటో రెండో పౌన్లు పట్టుకుని వస్తారు. ఈ స్వెట్టరు పండుగను 2012లో 'సేవ్ ది చిల్డ్రన్' సంస్థ మొదలుపెట్టింది. కాథలిక్ బడులే కాదు, అన్నిరకాల బడులూ చేసుకుంటాయి.

ఈస్టరుకు ముందు వచ్చేది తపస్సు కాలం. అప్పుడు వసూలయ్యే డబ్బు ఎక్కువగా 'కాఫోడ్' అనే సంస్థకు చేరుతుంది. దాని పుట్టుక ముచ్చటైనది. 1960లో అక్కడి కాథలిక్ మహిళా సంఘాలవారు, ఇంటిల్లిపాదీ ఒకనాడు ఉపవాసం వుండి, ఆ మిగిలిన డబ్బును కరిబియన్ సముద్రంలోని డొమినికా అనే చిన్న దీవిలో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పంపుదామని పిలుపు ఇచ్చారు. రెండేళ్లకు, 1962లో, బిషప్పులు ఆ పనికి ఒక సంస్థ రూపం కల్పించారు. వంటింట్లో పుట్టిన సంస్థ అన్నమాట. మనకూ ఇది కొత్త కాదు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట భోజనం మానమంటే, సోమవారం రాత్రి పొయ్యి వెలిగించని ఇళ్లు ఎన్నో వుండేవి. ఏకాదశులూ, ఒక్కపొద్దులూ తెలిసిన ఇల్లాలికి ఆ మాట వేరే విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

పిల్లలకు బాగా నచ్చేది ఇంకొకటి వుంది. ఆ సంస్థవారి జాబితాలో మేక, కోళ్లు మొదలైనవి వుంటాయి. తరగతి అంతా కలిసి డబ్బు కూడబెడితే ఎక్కడో దూరదేశంలో ఒక పేద కుటుంబానికి ఆ మేకో, ఆ కోళ్లో అందే ఏర్పాటు జరుగుతుంది. ఏడేళ్లవాడికి 'అభివృద్ధి' అంటే అర్థం కాదు గాని మేక అంటే అర్థమవుతుంది.

ఇంకా కొన్ని బడులలో 'మినీ విన్నీస్' అనే పిల్లల జట్లు వున్నాయి. ఇవి సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘానికి పిల్లకొమ్మలు. ఆ సంఘాన్ని 1833లో పారిస్‌లో స్థాపించినవారిలో ముఖ్యుడు ఫ్రెడెరిక్ ఒజనాం. అప్పటికి అతడు ఇరవై యేళ్ల విద్యార్థి; తరువాత సొర్బాన్‌లో సాహిత్యాచార్యుడయినాడు. పాఠం చెప్పుకు బ్రతికే నావంటివాడికి ఈ సంగతి తలచుకుంటే కాస్త గర్వంగానూ, అంతకంటె ఎక్కువ సిగ్గుగానూ వుంటుంది. ఆ సంఘం పద్ధతిలో డబ్బు పంపి ఊరుకోవడం కుదరదు. బీదల గడపకు తామే వెళ్లి పలకరించాలి.

పిల్లల చేత కాసు వేయించే ఆలోచన ఇంకా పాతది. 1843లో ఫ్రాన్సు దేశపు బిషప్పు ఫోర్బిన్ జాన్సన్, చీనా మొదలైన దూరదేశాల బిడ్డలకోసం ఇక్కడి పిల్లలు రోజూ ఒక చిన్న ప్రార్థన, నెలకొక చిన్న నాణెం ఇవ్వాలని ఒక సంఘం పెట్టారు. మంచి ఉద్దేశమే. అయితే ఇచ్చేవాడు మంచివాడైనంత మాత్రాన పుచ్చుకునేవాడికి మర్యాద దక్కుతుందని లేదు. ఐర్లండు బడులలో 1950ల నాడు కూడా ఆఫ్రికా పసివాడి బొమ్మ వేసిన డిబ్బీలు వుండేవి. ఆ బొమ్మలోని పసివాడికి ఒక పేరు వుంటుందనీ, వాడికీ అలకలూ ఆటలూ వుంటాయనీ అందులో కాసు వేసే పిల్లవాడికి తట్టే దారి ఏది?

ఆ డిబ్బీకి అవతలి పక్కన మనమూ వున్నాము. గుంటూరు, కృష్ణా, నెల్లూరు జిల్లాలలో ఆర్.సి.ఎం. స్కూలు అంటే తెలియనివారు అరుదు. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చారు. మిషను బడుల గోడలలో మన సున్నంతోపాటు ఐరోపా పల్లెల చిల్లర కూడా కలిసి వున్నది. 1960లలో వచ్చిన పాలపొడి, ఉప్మారవ్వ సంగతి వేరు. అవి ఎక్కువగా అమెరికా ప్రభుత్వపు నిల్వల నుంచి 'కేర్' వంటి సంస్థల ద్వారా వచ్చినవి. మిషను బడులే కాక మామూలు బడుల పిల్లలు కూడా గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆనాటి వాళ్లను ఇప్పుడు కదిపి చూడండి. కొందరు ఆ ఉప్మా రుచి తలచుకుని లొట్టలు వేస్తారు. కొందరికి రుచి గుర్తుండదు. వడ్డించినావిడ చూసిన చూపు మాత్రం గుర్తుంటుంది.

ఆ చూపు దూరదేశాల మధ్యనే కాదు, ఒకే తరగతిలోనూ వుంటుంది. పౌను తీసుకురమ్మన్న రోజున, ఇంట్లో పౌను లేని పిల్లవాడి గతి ఏమిటి? బడి చదువుకు పేదపిల్లలు పడే ఖర్చుల మీద స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 2015లో ఒక నివేదిక వెలువడింది. యూనిఫారం మాని డబ్బు తెచ్చే సరదా దినాలలో కొందరు పిల్లలు బడికే రావడం లేదని అందులో తేలింది. జ్వరమని చెబుతారు. అది ఏ జ్వరమో తల్లికి తెలుసు. బల్లమీద పేర్చిన చిక్కుడుగింజల డబ్బా ఆ సాయంత్రం ఆహార భాండారానికి వెళ్లి, వారం తిరిగేసరికి అదే తరగతిలోని మరొకరి ఇంటికి రావచ్చు. ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ ఒకే బల్ల మీద వున్నారు. ఎవరిదేదో బయటపడిన రోజున ఆ బల్ల రెండుగా చీలుతుంది.

ఇది గ్రహించిన బడులు ఇంత తెమ్మని అడగడం మానివేశాయి. గుమ్మం దగ్గర మూతపెట్టిన డబ్బా వుంటుంది. వేసినవారు వేస్తారు, లేనివారు దాటిపోతారు, ఎవరూ లెక్క చూడరు. అయితే ఆ పేదపిల్లవాణ్ణి దానం నుంచి తప్పించి కూర్చోబెడితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు మన భారతంలోనే వుంది.

అశ్వమేధ పర్వంలో సక్తుప్రస్థుని కథ తిక్కనగారి తెలుగులో చదువుకున్నవారికి గుర్తుండే వుంటుంది. రాలిన గింజలేరుకు తినే ఇల్లు. నలుగురికీ కలిపి కాస్త పిండి. ఆకలిగొన్న అతిథి వచ్చాడు. యజమాని తన వంతు పెట్టాడు, చాలలేదు. ఇల్లాలు, కొడుకు తమ వంతులు ఇచ్చారు. చివరకు కోడలు తన వంతు తెచ్చింది. చిక్కి శల్యమైన చిన్నపిల్ల దగ్గర ఎట్లా పుచ్చుకోవడమా అని మామగారు వెనకాడాడు. ఆమె ఒప్పుకోలేదు, తన వంతు పుణ్యం తనకు దక్కాలన్నది. ఆ నేలమీద పొర్లిన ముంగిస ఒళ్లు సగం బంగారమయింది. మిగతా సగం ధర్మరాజు యాగశాలలో ఎంత పొర్లినా మారలేదు. క్రైస్తవుల సువార్తలో రెండు చిన్న కాసులు వేసిన పేద విధవరాలి కథ కూడా ఈ కొలతనే చెబుతుంది. లేనివాడికి పెట్టడం ధర్మమే; లేనివాణ్ణి పెట్టనివ్వకపోవడం మాత్రం అవమానం. డబ్బు లేని పిల్లవాడికి పాడే గొంతు వుంది, నడిచే కాళ్లు వున్నాయి, మొక్కలకు నీళ్లుపోసే చేతులున్నాయి. వృద్ధాశ్రమంలో పాట పాడిన పిల్లల్లో ఎవడి ఇంట్లో పౌను వుందో ఆ అవ్వకు తెలియదు.

ఇక మన సంగతి. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. మంచి పనే. కాని జెండాలకట్ట పిల్లవాడి చేతికిచ్చి, ఎన్ని అమ్ముకొచ్చావని తరగతిలో నిలబెట్టి అడగడం, ఎక్కువ తెచ్చినవాడికి చప్పట్లు కొట్టించడం కద్దు. ఆ చప్పట్లు సగం వాళ్ల నాన్నగారి జేబుకే చెందుతాయి. ఒక్కటీ అమ్ముడుపోక తెచ్చినవాడు ఆనాడు నేర్చుకునే పాఠం దేశభక్తి కాదు.

మన వీధిబడుల కాలంలో దసరాకు పంతులుగారూ, పిల్లలూ విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. పంతులుగారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు. కరణంగారి అబ్బాయికి అందిన పిడికెడే కూలివాడి అబ్బాయికీ అందేదని చెప్పలేను. అందరికీ ఆ బడి గడప తెరుచుకోలేదు. కాని బరిలోకి వచ్చినవాళ్లంతా ఒక్క గొంతుతో అడిగారు, ఒక్క జోలెలో పట్టారు. ఆ పద్ధతిని, గడప ఈసారి అందరికీ తెరిచి, మళ్లీ తెచ్చుకోవచ్చు.

కాబట్టి పంతుళ్లకూ, తల్లులకూ ఒక మనవి. ఈసారి బడిలో చందా పోగుచేసినప్పుడు మొత్తం తరగతి పేర పద్దు రాయండి, పిల్లల పేర వద్దు. ఇంట్లో పిల్లవాడు డబ్బడిగితే వెంటనే నోటు తీసి ఇవ్వకండి. ఆ వారం వాడు మానుకోగలిగింది ఏదో వాడినే చెప్పమనండి. బడినుంచి రాగానే, ఎంత ఇచ్చావని కాక, అది ఎవరికి వెళుతుందో తెలుసునా అని అడగండి. తెలియకపోతే మర్నాడు పంతులుగారిని అడిగి రమ్మనండి. పంతులుగారికీ తెలియకపోతే, ఆయన కూడా కనుక్కుంటారు.