80 శాతం హాజరు: లెక్క తప్పేది ఎక్కడ?

ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చాయంటే దేవసూగూరులో, శక్తినగర్‌లో చాలా తెలుగు ఇళ్లలో ఒకటే మాట. పిల్లవాణ్ణి పీయూసీకి పంపాలా, ఐటీఐలో వేయాలా? కళ్లెదుటే థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తుంటాయి. 1985లో తొలి యూనిట్ మొదలై, నేడు 1,720 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగిన కేంద్రం అది. దాని చుట్టూ పనులు చేసుకుని బతుకుతున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అందుకే 'ఎలక్ట్రీషియనో, ఫిట్టరో చేస్తే ఏదో ఒక దారి దొరుకుతుంది' అన్న ఆశ సహజం. ఆ ఆశ తప్పు కాదు. అయితే ఐటీఐలో సీటు సంపాదించడానికి పడే తాపత్రయంలో సగం కూడా, చేరాక రోజూ వెళ్లే విషయంలో మనం చూపడం లేదు. పిల్లలు దెబ్బతింటున్నది అక్కడే.

మా బడిలో పదో తరగతి పూర్తిచేసి ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన ఒక విద్యార్థి సంగతి చెబుతాం. తెలివైనవాడు, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. ఏడాది చివర వాళ్ల నాన్న బడికి వచ్చారు. ''సార్, పిల్లోణ్ణి పరీక్షకు కూర్చోనియ్యమంటున్నరంట. ఫీజంతా కట్టినం గద!'' అన్నారు. హాజరు చాలలేదు. ఆ విషయం ముందుగా తెలుపుతూ ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. రెండూ కన్నడంలో ఉన్నాయి. ఆయనకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. కొడుకును అడిగితే 'ఫీజు కాగితం' అన్నాడట. గూట్లో పెట్టేశారు. ఆ కుర్రవాడికి ఒక ఏడాది పోయింది. తప్పు ఎవరిదని వెతికితే కొడుకుదీ ఉంది, తండ్రిదీ ఉంది, మాదీ ఉంది. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ విడమరచి రాయాలనుకున్నాం.

నియమం ఏం చెబుతోంది?

దేశంలోని ఐటీఐలలో శిక్షణ 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కింద నడుస్తోంది. దీన్ని చూసేది కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్. ఏడాది చివర జరిగే అఖిల భారత ట్రేడ్ టెస్టు రాయాలంటే కనీసం 80 శాతం హాజరు ఉండాలి. పదో తరగతిలో మన పిల్లలకు అలవాటైన గీత 75 శాతం. ఐదు శాతమే కదా తేడా అనిపిస్తుంది. కానీ తేడా అంకెలో కంటే పనిలో ఉంది.

2022లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాదికి 1,200 గంటల శిక్షణ ఉంటుంది. మొదటి ఏడాది అందులో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, 120 గంటలు ఉద్యోగ నైపుణ్యాలు. ఇవిగాక ఏడాదికి 150 గంటలు దగ్గరలోని పరిశ్రమలో పని నేర్చుకోవాలి, ఆ వీలు లేకపోతే గ్రూప్ ప్రాజెక్టు చేయాలి. అంటే తరగతి శిక్షణలో నూటికి డెబ్బై వంతులు చేతిపనే. చరిత్ర పాఠం ఒకటి పోతే ఇంట్లో పుస్తకం తెరిచి చదువుకోవచ్చు. మోటారు వైండింగ్ చేసే రోజు పోతే ఇంట్లో మోటారు ఎక్కడిది? వైసు ఎక్కడిది? వెల్డింగ్ మెషీను ఎక్కడిది? పైగా ప్రాక్టికల్లో గట్టెక్కాలంటే 60 శాతం మార్కులు కావాలి, థియరీలో 33 శాతం చాలు. శిక్షణ కాలంలో వేసే అంతర్గత మార్కుల్లో కూడా, క్రమం తప్పకుండా వస్తున్నాడా లేడా అన్నది చూడాలని పాఠ్యప్రణాళికలోనే ఉంది. కాబట్టి హాజరు రిజిస్టరుకే పరిమితమైన వ్యవహారం కాదు, మార్కుల్లోకీ వస్తుంది, చేతిలోకీ వస్తుంది.

రేపు కరెంటు స్తంభం ఎక్కబోయేవాడు, భద్రత పాఠాలు చెప్పిన వారం బడికి రాలేదంటే దాని ఫలితం హాల్ టికెట్టుతో ఆగదు. ఈ మాట తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

240 గంటలు ఎలా కరిగిపోతాయి?

1,200 గంటల్లో 20 శాతం అంటే 240 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున లెక్కేసుకుంటే 40 రోజులు. ఏడాదికి నలభై రోజులు మానినా ఫరవాలేదంటే చాలా ఎక్కువే అనిపిస్తుంది. మన ఇళ్లలో జరిగే తీరును ఒకసారి కూడుకుని చూద్దాం. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకక పిల్లవాణ్ణి చేనికి తీసుకుపోతే పదిహేను రోజులు. దసరాకు, సంక్రాంతికి కృష్ణ దాటి మక్తల్ వైపో, నారాయణపేట వైపో అమ్మమ్మగారి ఊరికి వెళితే ఎనిమిది రోజులు. జ్వరం ఒక వారం. దగ్గరివాళ్ల పెళ్లిళ్లు, సూగూరేశ్వరుని జాతర కలిపి ఐదు రోజులు. ఇప్పటికి 35 అయ్యాయి. ఇక బస్సు తప్పిపోయిన రోజులు. ఇక్కడి నుంచి రాయచూరు దాదాపు ఇరవై కిలోమీటర్లు. ఉదయం ఒక బస్సు నిండి వెళ్లిపోతే మొదటి పిరియడు పోయినట్టే. అలా నెలకొక పూట పోయినా నలభై గీత దగ్గరపడుతుంది.

ఇందులో ఏ ఒక్కటీ పోకిరితనం కాదు. అన్నీ కుటుంబం కోసం, బంధుత్వం కోసం, బతుకు కోసం మానినవే. కానీ రిజిస్టరు కారణం అడగదు. గైర్హాజరైతే గైర్హాజరే.

భాష దగ్గర మొదలయ్యే గైర్హాజరు

పై లెక్కలో ఒకటి కావాలనే చేర్చలేదు. మన పిల్లల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. తొలి నెలలో మానే రోజులు.

తెలుగు మాధ్యమంలో పదేళ్లు చదివిన పిల్లవాడు ఐటీఐలో అడుగుపెట్టగానే బోధన కన్నడంలోనో, కన్నడం కలిసిన ఇంగ్లిషులోనో ఉంటుంది. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించమన్నది ప్రాథమిక దశ వరకే. ఆ పైన పిల్లవాడు తన దారి తాను చూసుకోవాల్సిందే. 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం వల్ల మన బడుల్లోనూ కన్నడం ఒక భాషగా నేర్పుతున్నాం. మంచిదే. అయితే పద్యం అప్పజెప్పే కన్నడం వేరు, వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరు గబగబా చెప్పే కన్నడం వేరు. మొదటి వారం అర్థం కాదు. అడిగితే తోటివాళ్లు నవ్వుతారేమోనని భయం. రెండో వారం వెనక బెంచీ. మూడో వారం కడుపునొప్పి. నాలుగో వారం ఇంట్లో టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరి బస్టాండులోనే కూర్చోవడం. మేము తర్వాత మాట్లాడించిన పిల్లల్లో చాలామంది చెప్పిన వరస ఇదే. తండ్రికి 'ఫీజు కాగితం' అని చెప్పిన కుర్రవాడు కూడా ఇలాగే మొదలయ్యాడు. వాడికి చదువు మీద అయిష్టం లేదు. అర్థం కాని చోట కూర్చోవడానికి సిగ్గుపడ్డాడు, అంతే.

మరి ఇది దాటలేని గోడా? కాదు. రెండు అనుకూలతలు మన పిల్లలకు ఉన్నాయి. ఒకటి, పనిముట్ల పేర్లు ఏ భాషలోనైనా దాదాపు ఒకటే. ఫైలు, వైసు, ఫేజు, న్యూట్రలు, ఎర్తింగు అన్న మాటలు తెలుగువాడికీ కన్నడిగుడికీ సమానంగా కొత్తవి. రెండు, తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. శ్రద్ధ పెడితే కొద్ది వారాల్లోనే పిల్లవాడు బోర్డు మీది కన్నడం చదవగలడు. దీనికి తోడు చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ, అంటే నిమి, ఐటీఐ ట్రేడుల పుస్తకాలను ప్రాంతీయ భాషల్లోనూ తెస్తోంది. తెలుగులోనూ కొన్ని ఉన్నాయి. కేంద్రం నడిపే భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఈ పుస్తకాలను ఫోనులోనే చదువుకోవచ్చు. ఇవాళ పాఠం కన్నడంలో విని, రాత్రి అదే పాఠం తెలుగులో చదివిన పిల్లవాడు రేపు బడి మానడు. ఈ సంగతి మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు?

వాట్సాప్ మాటలు నమ్మవద్దు

ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు 'హాజరు లేదని పరీక్ష ఆపకూడదని కోర్టు చెప్పిందట కదా' అని అడుగుతున్నారు. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఆ మాట. కనీస హాజరు లేదన్న కారణంతో లా విద్యార్థులను పరీక్ష రాయనీయకుండా ఆపరాదని ఆ తీర్పు చెప్పింది. ఒక విద్యార్థి ప్రాణం పోయిన నేపథ్యంలో నడిచిన కేసు అది. హాజరు నియమం మనిషి మనసును నలిపేయకూడదన్న దాని భావం అందరమూ ఆలోచించవలసినదే. కానీ అది న్యాయ విద్యకు సంబంధించిన తీర్పు. ఐటీఐల 80 శాతం నియమాన్ని అది తీసేయలేదు. దాన్ని నమ్ముకుని పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచితే నష్టపోయేది మనమే.

మరోపక్క ప్రభుత్వాలు ఐటీఐల మీద పెద్ద మొత్తాలు పెడుతున్నాయి. కర్ణాటకలో 150 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో ఆధునీకరించి 2022 జూన్‌లో ప్రారంభించారు. దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐల స్థాయి పెంచడానికి 60,000 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2025లో ఆమోదించి, 'పీఎం సేతు' పేరుతో అక్టోబరులో మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు రావడం సంతోషమే. అయితే యంత్రం ముందు నిలబడవలసిన పిల్లవాడు బస్టాండులో కూర్చుంటే ఆ కోట్ల వల్ల వాడికి ఒరిగేదేమిటి? యంత్రాలకు పెట్టే ఖర్చులో చిన్న వంతు, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు తొలి నెలలో కన్నడ సాంకేతిక పదాల తరగతి నడపడానికి పెట్టినా ఫలితం కనిపిస్తుంది. హాజరు తగ్గినప్పుడు పంపే నోటీసు తండ్రి చదవగలిగే భాషలో ఉంటే, లేదా ఒక్క ఫోను చేసి చెబితే, అది గూట్లో మూలగదు. అదీ 80 దాటి కిందికి పడ్డాక కాదు, 90కి వచ్చినప్పుడే చెప్పాలి. పత్తి పని ముమ్మరంగా ఉండే జిల్లాలో సెలవుల పట్టికను ఆ పనికి తగ్గట్టు సర్దుకునే వీలుంటే పరిశీలించాలి. ఇవి నియమాన్ని సడలించమని అడగడం కాదు, నియమాన్ని అందుకోగలిగేలా చేయమని అడగడం.

మన వంతు

ప్రభుత్వాన్ని అడిగే ముందు మా సంగతీ చెప్పుకోవాలి. హైస్కూల్లో పిల్లవాడు చేనికి వెళ్లాడని తెలిసి, 'పోనీలే, పేదవాళ్లు' అని మేము చూసీచూడనట్టు ఊరుకున్న రోజులున్నాయి. ఆ దయ వాడికి మేలు చేయలేదు. బడి అంటే వీలైనప్పుడు వెళ్లేది అన్న అలవాటును వాడు మా దగ్గరే నేర్చుకుని వెళ్లాడు. ఐటీఐలో ఆ దయ చూపేవారు లేరు, చూపకూడదు కూడా. కాబట్టి ఎనిమిదో తరగతి నుంచే మానిన ప్రతి రోజుకూ ఇంటికి కబురు పంపడం మన బడుల్లో మొదలుపెడదాం. పదో తరగతి పరీక్షలయ్యాక ఉండే వేసవిలో, ఐటీఐకి వెళ్లదలచిన పిల్లలకు పది పదిహేను రోజులు కన్నడ పదాలు, పనిముట్ల పేర్లు నేర్పడం ఉపాధ్యాయులుగా మనం చేయగలిగిన పని. ఇప్పటికే ఐటీఐ ముగించిన మన పూర్వ విద్యార్థి ఒకరు వచ్చి గంటసేపు మాట్లాడినా చాలు, సగం బెరుకు పోతుంది.

తల్లిదండ్రులను కోరేది మూడే మాటలు. చేరిన రోజే ఇన్‌స్ట్రక్టరును కలిసి మీ ఫోను నంబరు ఇవ్వండి, తెలుగే వచ్చని మొహమాటం లేకుండా చెప్పండి. నెలకొకసారి హాజరు ఎంతుందో మీరే అడగండి, పిల్లవాడి నోట వినకండి. ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ భాషలో ఉన్నా, గూట్లో పెట్టకుండా మా దగ్గరికి తీసుకురండి. చదివి చెబుతాం. పిల్లలు మా బడి దాటి వెళ్లిపోయినా ఆ పని మాదే అనుకుంటాం.

ఆ ఎలక్ట్రీషియన్ కుర్రవాడు ఈ ఏడాది మళ్లీ వెళుతున్నాడు. వాళ్ల నాన్న ప్రతి నెలా ఒక కాగితం పట్టుకుని బడికి వస్తున్నారు. క్రితం నెల హాజరు 94 శాతం. ఆ అంకె ఆయనే చదివారు. అంకెలు ఏ భాషలోనైనా ఒకటే కదా సార్ అని నవ్వారు.