బొంగులో చికెన్, కుళాయిలో నీళ్ళు

రాత్రి తిండి బజార్ల గురించి రాసే వ్యాసాలకి తెలుగులో ఇప్పుడొక అచ్చు తయారైంది. మొదటి పేరాలో పొగ. రెండో పేరాలో ఆ పొగ వెనక ముడతలు పడ్డ ఒక ముసలి మొహం, ఆ మొహంలో కల్మషం లేని నవ్వు. మూడో పేరాకి రచయితకి అమ్మమ్మ గుర్తొస్తుంది. ఊరు బ్యాంకాక్ అయినా, సింగపూర్ అయినా, అరకు అయినా అచ్చు మారదు. చివర్లో ‘అసలైన రుచి ఏసీ రెస్టారెంట్లలో దొరకదు’ అని ఒక తీర్పు, దాని కింద ఫోన్‌పే స్కానర్ కనపడకుండా క్రాప్ చేసిన ఫోటో.

ఈ వ్యాసాలతో నాకు పేచీ ఉంది. బాగా రాయరని కాదు, కొందరు చాలా బాగా రాస్తారు. బాధల్లా ఎక్కడంటే, తిండి బజారంటే రుచి అని వీళ్ళు మనని నమ్మించేస్తున్నారు. తిండి బజారంటే ముందు నీళ్ళు, మురుగు కాలవ, జాగా, అద్దె, లైసెన్సు. రుచి ఆ తర్వాతి సంగతి. ముందున్నవన్నీ వదిలేసి రుచిని మాత్రమే పొగడటంలో మనకి ఒక సౌకర్యం ఉంది. వండిన మనిషికి ఏమీ బాకీ పడకుండా మెచ్చుకోవచ్చు.

నేనెక్కణ్ణుంచి మాట్లాడుతున్నానో చెప్తాను. మా నాన్న టీచరు. ఆయన ఉద్యోగం మూలంగా నా చిన్నతనమంతా డుంబ్రిగుడలో గడిచింది. నేను ఆదివాసీని కాదు, వాళ్ళ తరఫున మాట్లాడమని నాకెవరూ చెప్పలేదు. ఇంజనీరింగ్ చదివి విశాఖలో కోడ్ రాసుకుని బతుకుతున్నాను. కంపెనీ పని మీద మూడు వారాలు సింగపూర్‌లో ఉన్నాను. ఆ రెండు చోట్లా కట్టె మీదో బొగ్గు మీదో కాల్చి అమ్మేవాళ్ళని చూశాను కాబట్టే ఈ గోల.

సింగపూర్ నడిబొడ్డున, బ్యాంకుల టవర్ల మధ్య లావ్ పా సాట్ అని ఒక పాత మార్కెట్ ఉంది. ఎనిమిది పలకల పోత ఇనుము కట్టడం, 1894 నాటిది. పక్కనే బూన్ టాట్ స్ట్రీట్. పగలంతా కార్లు తిరిగే రోడ్డే. సాయంత్రం ఏడయ్యేసరికి అటూ ఇటూ మూసేసి బల్లలూ కుర్చీలూ పరిచేస్తారు. ఆఫీసుల నుంచి టైలు వదులు చేసుకుంటూ జనం దిగుతారు. బొగ్గుల మీద సాతే కాలుతుంటుంది. సన్నటి పుల్లకి గుచ్చిన కోడి, వేట మాంసం, రొయ్యలు. నంజుకోడానికి వేరుశనగపప్పుతో చేసిన చిక్కటి గ్రేవీ, పక్కన కీరా, పచ్చి ఉల్లిపాయ. ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఉంటే అది ఎవరో ఆపుకున్నట్టు లెక్క. మన బస్సు కిటికీలోంచి వేసే తువ్వాలు అన్నమాట.

పొగ ఉంది. ముసలాయన కూడా ఉన్నాడు. నవ్వలేదు. పది పుల్లలకి తక్కువైతే ఆర్డరు తీసుకోనని విసుగ్గా చెప్పి, నా వెనకున్నవాణ్ణి పిలిచాడు. నాకు భలే నచ్చాడు. టూరిస్టుని చూసి నవ్వక్కర్లేదన్న ధీమా అది. రేపు పొద్దున్న లారీ వచ్చి తన పొయ్యి ఎత్తుకుపోదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

ఆ వీధి కాస్త టూరిస్టుల కోసం ముస్తాబైనదే, ఒప్పుకుంటాను. అపార్ట్‌మెంట్ల మధ్య ఉండే మామూలు హాకర్ సెంటర్లకి వెళ్తే ముస్తాబు ఉండదు, పద్ధతి మాత్రం ఉంటుంది. ఒకప్పుడు అక్కడి బళ్ళు కూడా రోడ్డు మీదే, కాలవ పక్కనే ఉండేవి. 1968-69లో ప్రభుత్వం దేశమంతా లెక్క తీసి దాదాపు 18,000 మంది వీధి వ్యాపారులకి లైసెన్సులు ఇచ్చింది. 1971 నుంచి 1986 దాకా హాకర్ సెంటర్లు కడుతూ, వాళ్ళని అందులోకి మారుస్తూ వచ్చింది. స్టాలుకి నీటి కనెక్షను, కరెంటు, మురుగు పోయే దారి. వీధి మీంచి వచ్చిన మొదటి తరానికి తక్కువ అద్దె. స్టాలు తీసుకున్నవాడే దగ్గరుండి నడపాలి, ఇంకొకళ్ళకి అద్దెకిచ్చుకోకూడదు అని నియమం. పదిహేనేళ్ళ పని ఇది. చాలా బోరింగ్ పని. ఇందులో ఇన్‌స్టాలో పెట్టుకోడానికి ఏమీ లేదు.

మనం పెట్టుకునేవి వేరే. 2016లో హాకర్ స్టాళ్ళకి మిషెలిన్ స్టార్ వచ్చిందని రాస్తాం. 2018లో ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ సినిమాలో న్యూటన్ ఫుడ్ సెంటర్ ఎంత బాగా తీశారో రాస్తాం. 2020 డిసెంబరులో యునెస్కో హాకర్ సంస్కృతిని తన జాబితాలో చేర్చిందని రాస్తాం. వీటికి ముందున్న ఆ పదిహేనేళ్ళూ మన వ్యాసాల్లోకి రావు. మా భాషలో చెప్పాలంటే ఫ్రంటెండ్ చూసి ముచ్చటపడి, బ్యాకెండ్ ఎవడో ఉచితంగా రాసిచ్చాడనుకోవడం.

సింగపూర్ స్వర్గమని నేను అనడం లేదు. వీధిలోంచి కదలమన్నప్పుడు కదలకుండా ఉండే స్వేచ్ఛ వాళ్ళకి లేదు. ఇవాళ అక్కడి హాకర్లలో సగం మంది అరవై దగ్గర పడ్డవాళ్ళే. పిల్లలు ఆ పొయ్యి దగ్గరికి రామంటున్నారు. ప్లేటు ధర పెంచితే ఏసీ ఆఫీసులో కూర్చునే జనమే ముందు గోల పెడతారు. అయినా ఆ ముసలాయన చెయ్యి కడుక్కోడానికి ఒక పంపు ఉంది.

ఇప్పుడు డుంబ్రిగుడకి వద్దాం.

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో, మా మండలంలోనే చాపరాయి ఉంది. వెడల్పాటి బండ మీద వాగు పల్చగా జారుతుంటుంది. శీతాకాలం శని, ఆదివారాల్లో అక్కడ కారు ఆపడానికి చోటుండదు. ఆ చుట్టుపక్కలా, అరకు దారి పొడుగునా బొంగులో చికెన్ బళ్ళు. పొద్దుగూకేసరికి చలి దిగుతుంది. మంటల చుట్టూ మనవాళ్ళు చేతులు చాపుకుని నిలబడతారు. మీరు కాదన్నా అవునన్నా ఇదీ ఒక ఆరుబయటి ఫుడ్ కోర్టే. పేరొక్కటే లేదు.

ఆ వంట చూడ్డానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత కష్టం. పచ్చి బొంగే కావాలి, ఎండుదైతే లోపలిది ఉడికేలోపే అంటుకుంటుంది. ఒక పక్క కణుపు మూసి ఉండేలా చూసి నరకాలి. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరాలి. మరీ బిగించి కూరితే నడిమి ముక్క పచ్చిగా ఉండిపోతుంది. మూతికి ఆకులు కుక్కి మంట మీద తిప్పుతూ ఉండాలి. నూనె వెయ్యరు. మాంసంలో కొవ్వూ, పచ్చి బొంగులో తడీ, వాటి ఆవిరీ, అంతే. బయట బొంగు నల్లబడాలి, లోపల మాడకూడదు. గడియారం చూసి చేసేది కాదు, రంగు చూసి, వాసన చూసి దింపుతారు. వేడి బొంగుని కత్తితో చీల్చి ఆకు మీద దులిపే ఆ ఒక్క క్షణం మాత్రం మన రీల్‌లోకి వస్తుంది. పొద్దున్న బొంగులు నరికి మోసుకొచ్చింది రాదు. నేను చూసిన బళ్ళ దగ్గర నీళ్ళు క్యాన్లలో, బిందెల్లో తెచ్చి పెట్టుకున్నవే. మాంసం కడిగేది, చేతులు కడిగేది, మనకి తాగడానికిచ్చేది ఆ నీళ్ళ లెక్కలోంచే.

దీనికి మన ఆన్‌లైన్ రివ్యూల్లో వచ్చే ఫిర్యాదులు చూడండి. ‘కమర్షియల్ అయిపోయింది.’ ‘బ్రాయిలర్ కోడి వాడుతున్నారు.’ ‘మసాలా ఎక్కువ, అసలైన గిరిజన రుచి కాదు.’ ఒక బండి దగ్గర ఆవిణ్ణి అడిగాను, నాటుకోడి ఎందుకు పెట్టవక్కా అని. ‘ముందురోజు చెప్తే పెడతాం బాబూ. చెప్పరు. వచ్చి అడుగుతారు, రేటు చెప్తే బ్రాయిలర్ వెయ్యమంటారు’ అంది. బ్రాయిలర్ రేటుకి నాటుకోడి, నాటుకోడితోపాటు వెయ్యేళ్ళ సంప్రదాయం, పార్కింగు మాత్రం నీడలో. ఇదీ మన ఆర్డరు.

అసలు ‘గిరిజన రుచి’ అంటే ఏమిటని? నా క్లాస్‌మేట్ల ఇళ్ళలో నేను తిన్నది చోడి అంబలి, సామ అన్నం, దుంపలు, ఎండు చేపల పులుసు. కోడి అంటే పండగకో, చుట్టం వస్తేనో. రోజుకి ముప్పై బొంగులు కాల్చడమనేది కొండ మీదికి మన కార్లు వచ్చాక పుట్టిన పని. మన నాలిక చూసి కారం పెంచారు, మన తొందర చూసి కోడిని మార్చారు. కొనేవాడిని బట్టి సరుకు మార్చడం మన దగ్గర తెలివి, దానికి ప్రోడక్ట్ మేనేజర్ అని పేరు పెట్టి జీతాలిస్తాం. వాళ్ళు చేస్తే కల్తీ అంటాం.

ఇదే కొండల మీద పండే కాఫీని చూడండి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కాఫీకి పల్పింగ్ యంత్రాలు, ఆరబెట్టే కళ్ళాలు, గ్రేడింగు అన్నీ ఉన్నాయి. వాటి వల్ల ‘అసలుదనం’ చెడిందని ఎవరూ అనలేదు. గింజకి ఒప్పుకున్న సిమెంటు గచ్చు కోడి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఒప్పుకోం? కప్పు ధర మనకన్నా ధనవంతుడు ఇస్తున్నాడు కాబట్టా?

కొండ దిగి విశాఖ సంగతి. పాత సెంట్రల్ జైలు రోడ్డులో ఏళ్ళ తరబడి ఒక రాత్రి ఫుడ్ కోర్టు నడిచింది. మా షిఫ్టు అయ్యేసరికి వేడిగా దొరికేది అక్కడే. 2025 సెప్టెంబరులో దాన్ని తీసేశారు. నగరంలో తోపుడు బళ్ళ మీద ‘ఆపరేషన్ లంగ్స్’ నడుస్తున్న రోజులవి. మన సాహిత్య మిత్రులు ఏం చేశారు? నాలుగు రోజులు విషాద సంగీతంతో రీల్స్ పెట్టారు. చివరి ఫ్రైడ్ రైస్, చివరి సోడా. చాలా అందంగా ఉన్నాయి. వీధి వ్యాపారులకి 2014 నుంచి దేశంలో ఒక చట్టం ఉంది. ముందు సర్వే చేసి, అమ్మకం సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తీసెయ్యకూడదంటుంది. తరలించాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలంటుంది. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలంటుంది. ఆ సర్వే అయిందా, ఆ నోటీసు ఇచ్చారా, ఆ కమిటీ కూర్చుందా అని అడిగిన పోస్టు నా ఫీడులో ఒక్కటి కనపడలేదు. ట్రాఫిక్, శుభ్రత అనే కారణాలు ఉత్తుత్తివని నేను అనను. నిజమైన కారణాలే. సింగపూర్ హాకర్ సెంటర్లు కట్టింది కూడా ఆ కారణాలకే.

ఆ చట్టం కూడా డుంబ్రిగుడ దాకా రాదు. అది నగరాలకీ పట్టణాలకీ మాత్రమే. పంచాయతీ రోడ్డు పక్కన బొంగు కాల్చే మనిషి దానిలో లేదు. కానీ అక్కడ ఇంకో చట్టం ఉంది, 1996 నాటి పెసా. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ మీద గ్రామసభకీ, పంచాయతీకీ అధికారం ఉండాలని అందులో రాసుంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. ఏ బండి ఎక్కడ పెట్టాలి, ఎవరు పెట్టాలి, పార్కింగు డబ్బులు ఎటు పోవాలి అనేవి గ్రామసభలో కూర్చుని తేల్చుకునే విషయాలుగా ఎందుకు ఉండకూడదు? వందల కొద్దీ అరకు ట్రావెలాగులు చదివాను. ‘పెసా’ అన్న రెండక్షరాలు తగిలిన గుర్తు లేదు. ‘పొగమంచు’ మాత్రం ప్రతిదాంట్లోనూ ఉంటుంది.

దీనికి రెండు రకాల అభ్యంతరాలు వింటుంటాను. ఒకటి, షెడ్డులూ కుళాయిలూ పెడితే మాల్‌లో ఫుడ్ కోర్టులా అయిపోయి అందం పోతుందని. దీనికి జవాబు చెప్పాలనిపించదు. ఆ అందం కోసం తడి చెక్క మీద గంటల తరబడి నిలబడేది మనం కాదు.

రెండోది గట్టి అభ్యంతరం. పక్కా స్టాళ్ళు కట్టిన మర్నాడే మైదానం నుంచి డబ్బున్నవాళ్ళు దిగుతారు, ఎవరో ఒక గిరిజనుడి పేరు బోర్డు మీద పెట్టి వెనక తాము నడుపుతారు, ఇవాళ బండి పెట్టుకున్న ఆవిడ రేపు అదే స్టాల్లో కూలీ అవుతుంది. భయం నిజమే. భూమి విషయంలో 1970 నాటి 1/70 చట్టం ఉండి కూడా బినామీలు ఎలా నడిచాయో ఏజెన్సీలో ఎవరినడిగినా చెప్తారు. అందుకే సింగపూర్ నుంచి తెచ్చుకోవాల్సింది సాతే రెసిపీ కాదు, ఆ నియమం. స్టాలు ఎవరి పేరున ఉందో ఆ మనిషే దగ్గరుండి వండాలి, మారు అద్దెకి ఇవ్వకూడదు. దాన్ని చూసుకునేది దూరాన కూర్చున్న ఆఫీసు కాకుండా గ్రామసభ అయితే, ఎవరు ఎవరికి బినామీయో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

రుచి గురించి రాయడం మానెయ్యమని కాదు. మరాఠీలో షాహూ పాటోళే తమ దళిత వంటల గురించి పుస్తకం రాశారు, 2024లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. అది తిండి పుస్తకమే. తిన్నవాడే రాశాడు కాబట్టి ఆ తిండి ఎందుకు అలా ఉందో కూడా అందులో ఉంటుంది. డుంబ్రిగుడ నుంచి అలాంటిది కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, తెలుగులోనో వచ్చేదాకా మనలాంటి వాళ్ళ రాతలే జనం చదువుతారు. కనీసం ఈసారి వెళ్ళినప్పుడు ఆ బండికి రోజుకి ఎవరెవరికి ఎంత కట్టాల్సొస్తుందో, నీళ్ళు ఎంత దూరం నుంచి తెస్తున్నారో, వాన పడితే ఆ రోజు సరుకు ఏమవుతుందో అడిగి రాయండి. మంట ఫోటో కూడా పెట్టుకోండి, ఎవరొద్దన్నారు.

ఇక నా వృత్తికి దగ్గరి మాట ఒకటి. ఇరవై బళ్ళున్న చోట ఏం కావాలి? రెండు మూడు కుళాయిలు, బండ మీంచి వాగులోకి కాకుండా ఒక గుంటలోకి పోయే మురుగు కాలవ, వానకి రేకుల కప్పు, ఆడవాళ్ళకి తలుపు గడియ పడే మరుగుదొడ్డి, కాలిన బొంగులూ ప్లాస్టిక్ సీసాలూ వేరువేరుగా వేసే చోటు. దీనికి కన్సల్టెంట్లు అక్కర్లేదు, సింగపూర్ స్టడీ టూరూ అక్కర్లేదు. అంచనా కాగితం ఒక మండల ఇంజనీరు రెండు రోజుల్లో వేస్తాడు. గ్రామసభ తీర్మానం ఒక పూట పని.