మన రెండు కప్పులూ, లీగ్ మ్యాచ్‌ల విలువా

మా ప్రాజెక్టులో ఆన్‌సైట్‌లో ఒకాయన ఉన్నాడు. గుంటూరాయన, ఒహాయో స్టేట్‌లో ఎమ్మెస్ చేశాడు. అక్కడ చదివినవాళ్ళకి వాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ టీం అంటే మనకి సంక్రాంతి పందేలంత పిచ్చి. (ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ పేరెందుకు పెట్టారో నన్నడక్కండి.) మొన్న రాత్రి కాల్‌లో బిల్డ్ అయ్యేలోపు కబుర్లలో పడ్డాం. "కప్పు గెలిచాం గానీ తమ్ముడూ, ఏదో వెలితిగానే ఉంది" అన్నాడు.

సంగతేంటంటే, 2024 నవంబర్ 30న ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయింది. వాళ్ళకి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మ్యాచ్ ఒక ఎత్తు. పైగా ఆ సీజన్లో అది రెండో ఓటమి. 2014 నుంచి 2023 సీజన్ దాకా ప్లేఆఫ్‌కి నాలుగు టీములే వెళ్ళేవి. ఆ లెక్కన అయితే ఇంటికే. కానీ 2024లో నాలుగుని పన్నెండు చేశారు. వీళ్ళు ఎనిమిదో సీడ్‌గా లోపలికొచ్చి, వరసపెట్టి అందర్నీ కొట్టి, 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి కప్పు ఎత్తుకెళ్ళారు. "మరి మిషిగన్ మీద గెలిస్తే ఏంటి, ఓడితే ఏంటి? ప్లేఆఫ్ పెంచి మామూలు సీజన్ని చంపేశారు" ఇదీ ఆయన బాధ.

ముందు నవ్వొచ్చింది. గెలిచినోడు కూడా ఏడుస్తాడా అని. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే మాత్రం నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఐపీఎల్‌లో మన తెలుగువాళ్ళం చెప్పుకునే కప్పులు రెండు. ఆ రెండూ ఆ బాపతువే!

2009 చూడండి. దక్కన్ చార్జర్స్ 14 లీగ్ మ్యాచ్‌లాడి 7 గెలిచింది, 7 ఓడింది. అంటే సరిగ్గా సగం. నాలుగో స్థానం. పట్టికలో మొదటి స్థానం ఢిల్లీది, 10 గెలిచింది. సెమీస్‌లో ఈ ఇద్దరే తగిలారు. గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 బాదాడు, ఢిల్లీ కథ కంచికి. ఫైనల్లో బెంగుళూరు మీద 6 పరుగులతో గెలుపు. అప్పటికి నేను హైస్కూలు పిల్లాణ్ణి. మాచర్లలో మా వీధంతా ఎగిరాం. నెలకు పైగా కష్టపడి అందరికంటే పైన నిలబడ్డ ఢిల్లీకి చివరికి మిగిలిందేంటి అని మాలో ఒక్కడికీ తట్టలేదు.

2016లో సన్‌రైజర్స్ లీగ్‌లో మూడోది. ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్, ఫైనల్.. మే 25 నుంచి 29 లోపు మూడూ గెలిచి కప్పు కొట్టింది. లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న గుజరాత్ లయన్స్ రెండు అవకాశాలొచ్చినా ఫైనల్ చూడలేదు. 2018లో సన్‌రైజర్స్ తనే పట్టికలో మొదటిది, ఫైనల్లో ఓడింది. 2024లో రెండోది, మళ్ళీ ఫైనల్లో ఓడింది. లీగ్ బాగా ఆడినప్పుడు రాలేదు, వెనక నుంచి వచ్చినప్పుడు వచ్చింది. మరి మనం ఏ మొహం పెట్టుకుని లీగ్ విలువ గురించి మాట్లాడతాం?

అయినా మాట్లాడతా. లెక్క తీస్తే ఇంకో సంగతి బయటపడింది మరి.

ఐపీఎల్‌లో మొదటి మూడేళ్ళు మామూలు సెమీఫైనల్స్. ఒక్క మ్యాచ్ ఓడితే మొదటివాడైనా నాలుగోవాడైనా ఇంటికే. ఆ మూడేళ్ళ విజేతల లీగ్ స్థానాలు: 2008లో 1, 2009లో 4, 2010లో 3. 2011 నుంచి పద్ధతి మార్చారు. మొదటి ఇద్దరూ తలపడతారు, గెలిచినవాడు ఫైనల్‌కి, ఓడినవాడికి ఇంకో అవకాశం. మూడు, నాలుగు స్థానాల వాళ్ళకి మాత్రం ఓడితే అంతే. 2011 నుంచి 2025 దాకా 15 సీజన్లలో పట్టికలో మొదటివాడు 5 సార్లు గెలిచాడు, రెండోవాడు 9 సార్లు, మూడోవాడు ఒకే ఒక్కసారి. అదే మన 2016. నాలుగోవాడు ఒక్కసారి కూడా లేదు.

గమనించారా? అప్పుడూ నలుగురే, ఇప్పుడూ నలుగురే. లోపలికి రానిచ్చేవాళ్ళ సంఖ్య మారలేదు. మారిందల్లా ముందు నిలబడ్డవాడికి ఇచ్చేది. అంతకుముందు లీగ్‌లో టాప్ అంటే ఉత్త గౌరవం. ఇప్పుడు దానికో ఖరీదు ఉంది, రెండో ప్రాణం. అందుకే నాలుగు బెర్తులూ ఖాయమైపోయాక కూడా మొదటి రెండు స్థానాల కోసం చివరి లీగ్ మ్యాచ్ దాకా కొట్టుకుంటారు. ఇది లేకపోవడం వల్ల మనమూ నష్టపోయాం. 2010లో చార్జర్స్ 8 గెలిచి రెండో స్థానం, చెన్నై 7 గెలిచి మూడో స్థానం. సెమీస్‌లో చెన్నై కొట్టింది, చార్జర్స్ ఇంటికి, చెన్నైకి కప్పు. 2009లో తిన్నది 2010లో కక్కించారన్నమాట :)

ఒక్క పందెంతో అంతా పోవడమంటే ఏంటో మా మాచర్ల వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పక్షం నాగమ్మతో కోడిపందెం ఓడి, ఏలుతున్న మాచర్లని వదిలి ఏడేళ్ళు వలసపోయింది. అంతకుముందు ఎంత బాగా ఏలారన్నది ఆ పందెంలో లెక్కకి రాలేదు. కథగా బావుంటుంది. పోటీ పద్ధతిగా మాత్రం అన్యాయం.

ఇప్పుడు మా అన్న బాధకొద్దాం. ఆ ఏడాది ఆయన ఫుట్‌బాల్ పై స్థాయిలో 134 కాలేజీలున్నాయి. అందులో 12 అంటే పదో వంతు కూడా కాదు. తలుపు అంత బార్లా ఏమీ తియ్యలేదు. లోపం వేరేచోట ఉంది. 2024లో మొదటి నాలుగు సీడ్లకీ ఇచ్చిందల్లా మొదటి రౌండ్‌లో విశ్రాంతి. 5 నుంచి 8 దాకా ఉన్నవాళ్ళకేమో మొదటి రౌండ్ సొంత మైదానంలో, సొంత జనం మధ్య. విశ్రాంతి తీసుకున్న నలుగురూ తటస్థ మైదానాల్లో ఆడి మొదటి మ్యాచ్‌కే నలుగురూ ఓడిపోయారు! ఒక్క ఏడాది ఫలితంతో తీర్పు చెప్పెయ్యకూడదు, ఒప్పుకుంటా. కానీ పైనున్నవాడికి సొంత మైదానమూ లేక, రెండో అవకాశమూ లేకపోతే సీజనంతా గెలిచి ఏం సంపాదించినట్టు?

దీనికి మన దగ్గరే ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. ప్రో కబడ్డీ. 2024లో 12 టీముల్లో మొదటి ఆరుగురికే ప్లేఆఫ్స్, మన తెలుగు టైటాన్స్ ఏడో స్థానంలో ఆగిపోయింది. 2025లో ఆరుని ఎనిమిది చేశారు. మూడింట రెండు వంతుల మంది లోపలే! లీగ్ పరువు పోయిందనుకున్నా. తీరా చూస్తే, 5 నుంచి 8 దాకా ఉన్నవాళ్ళు ఒక్కటి ఓడినా ఇంటికే, మొదటి ఇద్దరికి మాత్రం రెండు అవకాశాలు. పాట్నా ప్లే-ఇన్ నుంచి మొదలెట్టి మూడు మ్యాచ్‌లు గెలిచి పైకొచ్చింది, అక్కడ మన టైటాన్స్ ఆపింది. టైటాన్స్‌ని పుణేరి పల్టన్ 50-45తో ఆపింది. చివరికి ఫైనల్ ఆడింది పట్టికలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న పుణేరి, ఢిల్లీలే. ఢిల్లీ 31-28తో గెలిచింది. ఎనిమిది మందికి తలుపు తీసినా కప్పు అర్హులకే పోయింది.

అలాగని ఎంతమందినైనా రానివ్వచ్చు అని నేననట్లేదు. తలుపు మరీ పెద్దదైతే పైవాడికి నష్టం లేకపోయినా మధ్యవాడికి బద్ధకమొస్తుంది. సగం ఓడినా పర్లేదనే భరోసా దొరుకుతుంది. ఆస్ట్రేలియా బిగ్ బాష్‌లో 8 టీముల్లో 5 టీములకి చోటిచ్చి (2019-20 నుంచి), 2023-24లో మళ్ళీ నాలుగుకి తగ్గించారు. కబడ్డీలో కూడా నా మటుకు నాకు ఆరు చాలు. 2024లోనే ఎనిమిది రూలు ఉండుంటే మన టైటాన్స్ లోపలుండేది, అయినా సరే ఇదే అంటా.

అట్లాగే పైవాడికి కప్పు రాసిచ్చెయ్యమనీ అనట్లేదు. మహిళల ప్రీమియర్ లీగ్‌లో మొదటి స్థానానికి నేరుగా ఫైనల్ ఇస్తారు. 2023, 2024, 2025 మూడేళ్ళూ ఢిల్లీయే టాప్, మూడేళ్ళూ ఫైనల్లో ఓడింది. పాపం అనిపిస్తుంది గానీ అన్యాయం అనిపించదు. ఇవ్వాల్సింది ఇచ్చారు, ఆఖరి రోజు ఆటలో ఓడింది.

మనందరం ఇంజినీరింగ్ బాపతు కాబట్టి ఒక్క మాట. నేను రాసినప్పుడు ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. ఎంసెట్ మూడు గంటల నాకౌట్. ఇంటర్ రెండేళ్ళ లీగ్. ఆ 25 శాతం వల్లే లీగ్‌ని ఎవడూ గాలికొదిలెయ్యలేదు. తర్వాత తెలంగాణ ఆ వెయిటేజీ తీసేసింది. పిల్లల మీద భారం తగ్గిందని కొందరంటారు, ఉండొచ్చు. కానీ రెండేళ్ళు ఆడిన ఆటకి సున్నా విలువ కట్టి, ఒక్క పూట ఆటకి నూరు శాతం కడితే, రేపొద్దున ఇంటర్ పుస్తకం ఎవడు శ్రద్ధగా తెరుస్తాడు?

కాబట్టి నేను చెప్పేది ఇంతే. ఎంతమందిని రానిచ్చారు అన్నది రెండో ప్రశ్న. ముందొచ్చినవాడికి ఏమిచ్చారు అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు సరిగ్గా లేకపోతే నలుగురితో ఆడించినా లీగ్ దండగే, మనం 2009లో గెలిచినట్టు.

ఇదంతా మర్నాడు మా అన్నకి చెప్పా. అంతా విని "బానే ఉంది గానీ తమ్ముడూ, సన్‌రైజర్స్ మళ్ళీ నాలుగో స్థానం నుంచి వచ్చి కప్పు కొడితే ఏం చేస్తావ్?" అన్నాడు.

ఏం చేస్తాం అన్నా, మాచర్ల వెళ్ళి టపాకాయలు కాలుస్తా. రూలు మార్చాలని మర్నాడు రాస్తా :)